ఇసకపల్లి ఉప్పుమడుల్లో పద్నాలుగో సీను

కావలి నుంచి తొలి బస్సుకి దిగాం, ఆరుగురం.
ఏడోవాడు, మా హీరో,
సప్లిమెంటరీ పరీక్ష ఇవాళేనని
మేం అల్లూరు దాటాక ఫోన్ చేశాడు.

డైరెక్టరు పెంచలతేజ స్క్రిప్టు తీసి
హీరో పేరున్న చోటల్లా అడ్డంగా గీత కొట్టాడు.
"చచ్చిపోయాడనుకుందాం."
ఎస్తేరు చెప్పుల్లో ఇసక దులుపుకుంటూ
"ఎప్పుడు?" అంది.
"నిన్న."

కెమెరా పెళ్ళిళ్ళ స్టూడియోది, రోజుకి పదిహేను వందలు.
లెన్సు అంచున ఇంకా ఎవరి అక్షింతల పసుపో.
మస్తాన్ దాని సంచీ కింద పెట్టడు,
ఉప్పుగాలి ఇనుముని తింటుందని.
నాది సౌండు.
మైకు తొడుగు మా చెల్లెలి బొమ్మ ఎలుగుబంటి చర్మం.
చెల్లెలికింకా చెప్పలేదు.

తొమ్మిదికే మడులు అద్దాలయ్యాయి.
తెలుపు మీద తెలుపు, తెరలో ఏమీ ఆనదు,
టవలు ముసుగేసుకుని మస్తాన్
లోపల్నించి ఎండని తిడుతున్నాడు.
థర్మాకోల్ పలకని సముద్రపు గాలి ఎత్తుకుపోతే
గిరిధర్ దాని వెనక మూడు గట్లు పరిగెత్తాడు.
రెండో గట్టున చెప్పు పోయింది, మూడో గట్టున పరువు.

ఎస్తేరుకి గ్లిజరిన్ అక్కర్లేకపోయింది.
కళ్ళు వాటంతటవే కారాయి,
సీనుకి ముందూ, సీను అయ్యాకా,
పులిహోర పొట్లం విప్పినప్పుడూ.

మధ్యాహ్నం నా వంతు.
"ఒక్క నిమిషం ఎవరూ కదలబాకండి.
ఈ చోటు చప్పుడు కావాలి నాకు, ఉత్త చోటు."
హెడ్‌ఫోన్లో దూరంగా పడవ ఇంజను,
దంతె ఈడ్చే గరగర, ఎవరిదో ఆకలి కడుపు.
వాటి కింద, ఒట్టేసి చెప్పలేను గానీ,
ఎండకి ఉప్పు పేరుకుంటున్న సన్నటి చిటపట.

ఆఖరి షాటుకి వాన కావాలి.
ట్యాంకరు ఎనిమిది వందలన్నారు.
మా దగ్గరున్నవి
మూతలకి మేకుతో బెజ్జాలు పొడిచిన నాలుగు సీసాలు.
"నిజం వానొస్తే ఎంత బాగుంటుందిరా," అన్నాడు తేజ.

దంతె ఆగింది.
చెంగమ్మ నడుం మీద చెయ్యేసుకుని మావైపు చూసింది.
"ఆ మాట ఈడ అనబాక నాయనా.
మూడు వారాల కష్టం. ఇంకా కప్పలా."
మాకు సిగ్గేసింది, ఓ ఐదు నిమిషాలు.

నాలుగున్నరకి పడమట మబ్బు లేచింది.
చెంగమ్మ ముక్కుకి ముందు తెలిసింది, మస్తాన్ తెరకి తర్వాత.
రోజంతట్లో అంత వెలుగు మాకు దొరకలేదు.
మడుల్లోకి ఆకాశం నల్లగా దిగి
ఉప్పుకుప్పలు లోపల్నించి వెలిగినట్టయ్యాయి.
ఎస్తేరు నిలబడింది. తేజ గొంతు వణికింది: "రోల్..."

మొదటి చుక్క నా చెవిలో తుపాకీలా పేలింది.

తర్వాతది వరసగా చెప్పలేను.
చెంగమ్మ కేక. కుప్పలు తొమ్మిది, మనుషులు ఇద్దరు.
"యాక్షన్" అనాల్సిన నోరు "పట్టుకోండ్రా" అంది.
మస్తాన్ చొక్కా విప్పి కెమెరాకి చుట్టాడు.
గిరిధర్ ఒంటి చెప్పుతో తాటాకులు మోశాడు.
పట్ట అంచు మీద ఎస్తేరు బోర్లా పడుకుంది,
రాయి దొరికేదాకా తనే రాయి.

ఏడు కప్పాం. రెండు పోయాయి.
పోవడమంటే కూలడం కాదు.
అంచులు నునుపవుతాయి, ఎత్తు తగ్గుతుంది,
చివరిదాకా అది ఉప్పులాగే ఉంటుంది.

తిరుగు బస్సులో పెదాలు నాక్కుంటూ కూర్చున్నాం.
కార్డులో షాటు లేదు.
రికార్డరు ఆపడం నేను మరిచిపోయాను, పదకొండు నిమిషాలు:
పట్టల చప్పుడు, బూతులు, వాన,
నడుమ ఎవరో "ఇటు, అక్కా, ఇటు" అంటున్నారు.
మస్తాన్ చెప్పేదాకా
అది నా గొంతని నాకు తెలియలేదు.

క్లాపుబోర్డు అక్కడే వదిలేశాం.
ఆదివారం నేనూ తేజా దానికోసం వెళ్తే
పట్ట మూలన, రాళ్ళ మధ్య, బరువుగా ఉంది.
సీను పద్నాలుగూ టేకు ఒకటీ కడుక్కుపోయాయి.
అవే గళ్ళలో చెంగమ్మ లెక్క:
బస్తాలు నలభై ఒకటి. బాకీ,
ఆ గడి తడిచేత్తో తుడిచేసి ఉంది.

"ఇది నాకు పనికొస్తా ఉండాది," అంది.
తేజ జేబు తడుముకుని
మిగిలిన సుద్దముక్క కూడా ఇచ్చాడు.